‘అనే’కు కామా లేదు, ‘అయిన’కు రెండు

కడపలో సాయంత్రం పూట డిగ్రీ పూర్తయిన పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంటాను. ఉద్యోగ దరఖాస్తులు, పోటీ పరీక్షల వ్యాసాలు, ఇంటర్వ్యూకు ముందు తమ గురించి తాము రాసుకునే అర పేజీ, ఇవే మా పని. ప్రొద్దుటూరు నుంచి బస్సులో వచ్చే ఒకమ్మాయి అట్లా రాసుకొచ్చిన కాగితంలో ఈ వాక్యం ఉంది: “మై మదర్, ఎ టైలర్, అండ్ ఐ రన్ ఎ స్మాల్ షాప్.”

“అంగట్లో ఎంతమంది ఉంటారమ్మా?” అని అడిగాను.

“ఇద్దరమే సార్. మాయమ్మ, నేను. మాయమ్మే టైలరు.”

కాగితం మీద మాత్రం ముగ్గురు కనబడుతున్నారు: అమ్మ, ఎవరో ఒక టైలరు, ఈ అమ్మాయి. ఆమె పెట్టిన రెండు కామాలూ పుస్తకం ప్రకారం సరైనవే. అయినా చదివేవాళ్ళకు ఇద్దరా ముగ్గురా అన్నది తేలదు. ఈ చిక్కు విప్పాలంటే అపోజిటివ్ దగ్గరికి పోవాలి. పిల్లలు భయపడేది టెన్సులకూ ప్రిపొజిషన్లకూ గానీ, వాళ్ళ కాగితాల మీద నా ఎర్రసిరా ఎక్కువగా ఖర్చయ్యేది ఈ అపోజిటివ్ దగ్గరే.

ఇంగ్లీషు వాక్యాలను ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. స్పెల్లింగుతో మనకిప్పుడు పనిలేదు, కన్ను కామా మీద ఉంటే చాలు.

ఒక మనిషినో ఊరినో వస్తువునో ఒక మాటతో చెప్పి, వెంటనే పక్కన ఇంకో మాటతో మళ్ళీ చెబితే ఆ రెండో మాట అపోజిటివ్. “వేమన, ఎ పొయెట్” అన్నప్పుడు వేమన వేరు, పొయెట్ వేరు కాదు, ఇద్దరూ ఒక్కరే. రెండింటి మధ్య ‘ఈజ్’ పెట్టి చూడండి: వేమన ఈజ్ ఎ పొయెట్. వాక్యం నిలబడింది కాబట్టి అది అపోజిటివే. అమ్మాయి వాక్యంలోనూ ‘మై మదర్ ఈజ్ ఎ టైలర్’ నిలబడుతుంది. నిర్వచనం ఇంతే, ఇందులో కష్టం లేదు. కష్టమంతా కామా దగ్గర మొదలవుతుంది.

ఇదే పనిని తెలుగులో మనం మాటతో చేస్తాం. ‘కవి అయిన వేమన’ అంటాం, ‘పెన్న అనే నది’ అంటాం. ఆ ‘అయిన’, ‘అనే’ రెండు నామవాచకాలను కలిపి కుట్టే దారం. ఇంగ్లీషులో ఆ దారం లేదు. రెండు నామవాచకాలను పక్కపక్కన పెట్టేస్తారు, అంతే. రెండో మాట లేకుంటే అర్థం ఆగిపోతుందా, లేక అది పైపెచ్చు చెప్పిన సంగతా అన్నది తెలిపేది కామా ఒక్కటే. తెలుగులో కామా ఎక్కువగా ఊపిరి తీసుకునే చోటు, మరిచిపోయినా అర్థం పెద్దగా చెడదు. ఆ అలవాటుతోనే మనం ఇంగ్లీషు కామాను కూడా ఊపిరి లెక్కన పెడతాం. అక్కడ అది ఒక మాట చేసే పని చేస్తోందని మనకు ఎవరూ చెప్పలేదు.

పదో తరగతిలో సమాసాలు బట్టీ పట్టినవాళ్ళకు సంభావనా పూర్వపద కర్మధారయం గుర్తుండే ఉంటుంది. గంగానది అంటే గంగ అనే పేరుగల నది. మామిడిచెట్టు అంటే మామిడి అనే పేరుగల చెట్టు. ఇంగ్లీషులో “ద రివర్ పెన్న” అనేది సరిగ్గా ఈ విగ్రహవాక్యమే. ‘ద రివర్’ అని ఆపేస్తే ‘ఏ నది?’ అని అడగాల్సి వస్తుంది. ‘పెన్న’ ఆ ప్రశ్నకు జవాబు. జవాబును ప్రశ్న నుంచి విడదీయలేం గనుక మధ్యలో కామా రాదు. వ్యాకరణ పుస్తకాలు దీన్ని రిస్ట్రిక్టివ్ అపోజిటివ్ అంటాయి. అన్ని నదుల్లోనుంచి ఒకదాన్ని పట్టి చూపించేది అని దాని అర్థం.

ఇప్పుడు వరుస తిప్పి చూడండి. “పెన్న, ఎ రివర్ బార్న్ ఇన్ ద నంది హిల్స్, ఫ్లోస్ త్రూ ద గార్జ్ ఎట్ గండికోట.” పెన్న అనగానే ఏ నదో తెలిసిపోయింది. నంది కొండల్లో పుట్టిందన్నది ఆపైన చెప్పిన సంగతి. దాన్ని తీసేసినా పెన్న పెన్నే, గండికోట లోయలో పారేది అదే. అందుకని ఆ సంగతిని రెండు కామాల మధ్య పెట్టారు. ఇది నాన్‌రిస్ట్రిక్టివ్.

పేర్లు గుర్తుండకపోయినా నష్టం లేదు. వాక్యాన్ని తెలుగులోకి తిప్పి చూసుకోండి అని మా పిల్లలకు చెబుతాను. ‘అనే’ పడితే కామా వద్దు, ‘అయిన’ పడితే రెండు కామాలు కావాలి. “ద పొయెట్ వేమన” అంటే వేమన అనే కవి, కామా లేదు. “వేమన, ఎ పొయెట్, ...” అంటే కవి అయిన వేమన, రెండు కామాలు. “ద విలేజ్ తాళ్ళపాక” అంటే తాళ్ళపాక అనే ఊరు, కామా లేదు. “తాళ్ళపాక, ద విలేజ్ ఆఫ్ అన్నమాచార్య, ...” అంటే అన్నమాచార్యుల ఊరైన తాళ్ళపాక, మళ్ళీ రెండు కామాలు. నియమాలన్నీ చెప్పి చెప్పి విసిగిపోయిన నాకు ఈ తెలుగు పరీక్ష పనికొచ్చినంతగా మరేదీ పనికిరాలేదు.

ఇది పనిచేయని చోటు ఒకటుంది, అది చుట్టరికం. “మై బ్రదర్ రవి” అన్నా, “మై బ్రదర్, రవి,” అన్నా మనం చెప్పేది ‘మా తమ్ముడు రవి’ అనే. ‘రవి అనే మా తమ్ముడు’ అని ఇంట్లో ఎవరూ మాట్లాడరు. మరి తేడా ఎట్లా తెలుస్తుంది? ఇక్కడ తలలు లెక్కపెట్టాలి. అన్నదమ్ములు ఒకరికంటే ఎక్కువ ఉంటే ‘మై బ్రదర్’ అన్న మాటతో ఎవరో తేలదు, పేరు చెబితేనే తేలుతుంది. కాబట్టి కామా వద్దు. ఒక్కడే ఉంటే ‘మై బ్రదర్’ అనగానే తేలిపోయింది, పేరు అదనం, రెండు కామాలు పెట్టాలి.

మనకు ఈ లెక్క వింతగా తోచడానికి కారణం ఉంది. మన చుట్టరికాల మాటలే చాలామటుకు మనిషిని పట్టిచ్చేస్తాయి. అన్న వేరు, తమ్ముడు వేరు. పెద్దనాయన, చిన్నాయన, మేనమామ అని మనకు మూడు మాటలుంటే ఇంగ్లీషుకు ముగ్గురూ అంకులే. జేజి అన్నా అవ్వ అన్నా గ్రాండ్‌మదరే. ఇంకా తేలకపోతే పెద్దోడు, నడిపోడు, చిన్నోడు అని వరుస చెబుతాం. అంత పని మాటల్లోనే జరిగిపోయిన భాష నుంచి వచ్చినవాళ్ళం, ‘అంకుల్’ అనే ఒక్క మాట పక్కన కామా పెట్టాలా వద్దా అన్నదాంట్లో మనిషి లెక్క ఉంటుందని ఎట్లా ఊహిస్తాం?

ఈ లెక్క కాగితాల్లో ఎంత దూరం పోతుందో నాకు అనుభవమే. మా వీధిలో ఒకాయన కువైట్‌లో ఉన్న కొడుకు కోసం కుటుంబ వివరాలు ఇంగ్లీషులో రాసిమ్మంటే రాసిచ్చాను. అందులో “హిజ్ సిస్టర్” అన్న మాట తర్వాత పేరుకు రెండు వైపులా కామాలు పెట్టాను. ఆ పిల్లవాడికి అక్కలు ఇద్దరు. రెండో అక్క పేరు ఇంకో పేజీలో ఉంది. కాగితం చూసిన వకీలు ఫోన్ చేసి అడిగిన మొదటి మాట, “చెల్లెలో అక్కో ఒక్కరే కదా?” అని. ఆయన అడగబట్టి సరిదిద్దుకున్నాం. కామా చూసి ఎవరూ తీర్పు చెప్పరు, నిజమే. కానీ జాగ్రత్తగా చదివే మనిషి మనసులో అది ఒక లెక్క వేసే పెడుతుంది.

తండ్రి విషయంలో ఈ గందరగోళమే లేదు. “బ్రౌన్స్ ఫాదర్, డేవిడ్ బ్రౌన్, వజ్ ఎ క్లర్జీమన్ ఇన్ కలకత్తా.” ఎవరికైనా తండ్రి ఒక్కడే, కనుక కామాలు తప్పనిసరి. భార్య, భర్త విషయంలోనూ నియమం అదే. అయితే “మై వైఫ్ సీత” అని కామాలు లేకుండా రాసేవాళ్ళు ఇంగ్లీషులోనే చాలామంది ఉన్నారు. పొట్టి పేరు, దగ్గరి చుట్టం, రెండూ కలిపి ఒకే ఊపులో పలుకుతారు. ఎడిటర్లు కూడా చూసీ చూడనట్టు పోతారు. నేను మాత్రం పిల్లలకు కామాలు పెట్టమనే చెబుతాను. నియమం చేతికి పట్టుబడ్డాక సడలింపు ఎక్కడ తీసుకోవాలో వాళ్ళకే తెలుస్తుంది.

బ్రౌన్ పేరు ఊరికే తీయలేదు. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు వచ్చాడు. ఇక్కడ బంగళా కొని, పండితులను పెట్టుకుని, తెలుగు తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించాడు. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరు మీద గ్రంథాలయం ఉంది. పిల్లలను ఏడాదికోసారైనా అక్కడికి తీసుకుపోతాను. వేమన పద్యాలను ఇంగ్లీషు చేసి 1829లో అచ్చువేయించిన మనిషి, తెలుగు నేర్చుకోవాలనుకునే ఇంగ్లీషువాళ్ళ కోసం వ్యాకరణం కూడా రాశాడు. ‘అయిన’ను వాళ్ళకు ఎట్లా చెప్పాలా అని అటువైపు నుంచి ఆయన కూర్చుని ఆలోచించి ఉంటాడు. వాళ్ళ కామాను మనకు ఎట్లా చెప్పాలా అని ఇటువైపు నుంచి మేం కూర్చుంటాం.

ఇక నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టే తప్పు రెండో కామాను మరిచిపోవడం. “నీలం సంజీవరెడ్డి, ఎ నేటివ్ ఆఫ్ అనంతపూర్ డిస్ట్రిక్ట్ బికేమ్ ప్రెసిడెంట్ ఆఫ్ ఇండియా ఇన్ 1977.” మొదటి కామా పెట్టారు, ‘డిస్ట్రిక్ట్’ తర్వాత పెట్టలేదు. ఇప్పుడు కర్త ఒకవైపు, మిగతా వాక్యమంతా ఇంకోవైపు పడిపోయాయి. కర్తకూ క్రియకూ మధ్య ఒంటి కామా రాకూడదన్నది ఇంగ్లీషులో గట్టి నియమం. కావడిలో ఒకవైపు కుండ దించేసి నడవమంటే ఎట్లా ఉంటుందో ఈ వాక్యం అట్లా ఉంటుంది. రెండు కుండలైనా ఉండాలి, లేదా కావడే వద్దు.

రెండోది ఎందుకు మరిచిపోతామో ఆలోచిస్తే దానికీ కారణం తెలుగులోనే దొరికింది. మనం వర్ణనను పేరుకు ముందు పెడతాం: ‘అనంతపురం జిల్లాలో పుట్టిన నీలం సంజీవరెడ్డి 1977లో రాష్ట్రపతి అయ్యారు.’ వర్ణన అయిపోయాకే పేరు వస్తుంది, పేరు తర్వాత వాక్యం నేరుగా సాగిపోతుంది, మధ్యలో ఎవరూ అడ్డం రారు. ఇంగ్లీషులో పేరు ముందొస్తుంది, క్రియ దాని వెనకే రావాలి. అపోజిటివ్ ఆ రెండింటి మధ్య జొరబడి కూర్చుంటుంది. ఎక్కడ జొరబడిందో, ఎక్కడ లేచిపోయిందో రెండూ చూపించకపోతే చదివేవాళ్ళకు క్రియ దొరకదు.

తెలుగు వరుసనే ఇంగ్లీషులో ఉంచాలనుకుంటే దారి ఉంది. “ఎ నేటివ్ ఆఫ్ అనంతపూర్ డిస్ట్రిక్ట్, నీలం సంజీవరెడ్డి వజ్ ఎలెక్టెడ్ ప్రెసిడెంట్ అనప్పోజ్డ్ ఇన్ 1977.” అపోజిటివ్ వాక్యం మొదట్లో వచ్చింది గనుక ఒక్క కామా చాలు. వాక్యం చివర వచ్చినా ఒక్కటే, రెండోదాని చోటును ఫుల్‌స్టాప్ తీసుకుంటుంది.

రెండు కామాలకు మన దేశంలో అందరికీ తెలిసిన ఉదాహరణ రాజ్యాంగ పీఠికే. 1949 నవంబర్ 26న ఆమోదించిన ఆ పాఠం “వి, ద పీపుల్ ఆఫ్ ఇండియా, హ్యావింగ్ సాలెమ్‌లీ రిజాల్వ్‌డ్...” అని మొదలవుతుంది. ‘వి’ తర్వాత కామా, ‘ఇండియా’ తర్వాత కామా. తెలుగులో ‘భారత ప్రజలమైన మేము’ అంటాం. చూడండి, ‘అయిన’ వచ్చి కూర్చుంది. పైగా తెలుగు ‘ప్రజలం’ అని నామవాచకానికే ‘మేము’ను అతికించేసింది, ఆ సదుపాయం ఇంగ్లీషుకు లేదు. మొదటి అధికరణంలోనూ ఇదే: “ఇండియా, దట్ ఈజ్ భారత్, షల్ బి ఎ యూనియన్ ఆఫ్ స్టేట్స్.” రెండు పేర్లు, ఒకే దేశం, రెండు కామాలు. అమెరికావాళ్ళ 1787 నాటి రాజ్యాంగం మాత్రం “వి ద పీపుల్ ఆఫ్ ద యునైటెడ్ స్టేట్స్” అని ‘వి’ తర్వాత కామా లేకుండా మొదలవుతుంది. ‘వి టీచర్స్’ అన్నట్టు రెండింటినీ ఒకే మాటగా పలికారు. రెండూ ఒప్పే. మనవాళ్ళ వాక్యంలో ‘మేము’ దగ్గర ఒక్క క్షణం ఆగి, ఎవరమో చెప్పి, ముందుకు సాగడం ఉంది. ఆ ఆగడం నాకు చాలా ఇష్టం.

హోదాల సంగతి వేరు. “కలెక్టర్ థామస్ మన్రో” అన్నప్పుడు కలెక్టర్ అన్నది పేరుకు ముందు తగిలించిన బిరుదు, కామా రాదు. అదే “ద ప్రిన్సిపల్ కలెక్టర్ ఆఫ్ ద సీడెడ్ డిస్ట్రిక్ట్స్ ఇన్ 1805, థామస్ మన్రో, ...” అంటే ఆ ఏడు దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరు ఒక్కడే కాబట్టి పేరు అదనమైపోయింది, కామాలు వచ్చాయి. వార్తల ఇంగ్లీషులో “ఫార్మర్ చీఫ్ మినిస్టర్, దామోదరం సంజీవయ్య, వజ్ బార్న్ నియర్ కర్నూల్” వంటి వాక్యాలు తరచుగా చూస్తుంటాను. ఇది తప్పు. మాజీ ముఖ్యమంత్రులు ఎందరో ఉన్నారు, పేరు లేకపోతే ఎవరో తెలియదు, కామాలు తీసేయాలి. “ద ఫస్ట్ దళిత్ చీఫ్ మినిస్టర్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్, దామోదరం సంజీవయ్య, వజ్ బార్న్ నియర్ కర్నూల్” అంటే మాత్రం కామాలు ఉండాల్సిందే, ఎందుకంటే మొదటివాడు ఒక్కడే. అన్నదమ్ముల లెక్కే ఇక్కడా. ‘ఫస్ట్’, ‘ఓన్లీ’, ‘లార్జెస్ట్’ లాంటి మాట ముందుంటే వెనక వచ్చే పేరుకు కామాలు దాదాపు ఎప్పుడూ అవసరమే.

‘ఆఫ్’తో వచ్చే “ద సిటీ ఆఫ్ కర్నూల్” లాంటివాటికి ఎప్పుడూ కామా ఉండదు. ‘ఆర్’తో వచ్చేదాంట్లో మాత్రం ఒక గుంత ఉంది. “గ్రౌండ్‌నట్, ఆర్ పీనట్, ఈజ్ గ్రోన్ ఇన్ అనంతపూర్” అంటే ఒకే పంటకు రెండు పేర్లు, వేరుశనగను మనం శెనక్కాయలూ బుడ్డలూ అన్నట్టు. కామాలు తీసేసి “గ్రౌండ్‌నట్ ఆర్ పీనట్” అంటే రెండు వేరువేరు పంటల్లో ఏదో ఒకటని చదువుకుంటారు. పేరు మళ్ళీ చెప్పడమా, రెండింట్లో ఒకటి ఎంచుకోమనడమా అన్నది కామాలే చెబుతున్నాయి.

పిలుపుతోనూ అపోజిటివ్ కలగలిసిపోతుంది. “టెల్ మై ఫ్రెండ్, రవి.” రవి ఆ ఫ్రెండా, లేక రవితోనే మాట్లాడుతున్నారా? వాక్యం రెండింటికీ తల ఊపుతుంది. తెలుగులో ఈ తంటా రాదు, పిలిచేటప్పుడు ‘రవీ’ అని దీర్ఘం తీస్తాం, లేకపోతే ‘అబ్బీ’ అని ముందే కేకేస్తాం. ఇంగ్లీషులో అట్లాంటి చోట పిలుపును వాక్యం మొదటికి జరపడమే మంచిది: “రవి, టెల్ మై ఫ్రెండ్.”

అపోజిటివ్ లోపలే కామాలుంటే ఇంకో చిక్కు. “త్రీ టౌన్స్, కర్నూల్, అనంతపూర్, అండ్ కడప, గ్రూ ఫాస్ట్” అని రాస్తే మూడు ఊళ్ళా, ఆ మూడూ కాక ఇంకో మూడా అన్నట్టు ఉంటుంది. బయటి కామా ఏదో, లోపలి కామా ఏదో చూడగానే తెలియాలి. అందుకే బయట గీతలు పెడతారు: “త్రీ టౌన్స్ — కర్నూల్, అనంతపూర్, అండ్ కడప — గ్రూ ఫాస్ట్.” గీతలు కూడా కామాల్లాగే జంట, ఒకటి పెట్టి ఒకటి వదిలేయకూడదు. బ్రాకెట్లు పెట్టినా వ్యాకరణం ఒప్పుకుంటుంది. కాకపోతే బ్రాకెట్లో పెట్టిన సంగతి గుసగుసలా వినబడుతుంది, గీతల మధ్య పెట్టింది గొంతు పెంచి చెప్పినట్టుంటుంది. వాక్యం చివర కొట్టొచ్చినట్టు ఒక పేరు చెప్పాలంటే కోలన్ ఉంది: “ఆంధ్ర స్టేట్ హాడ్ వన్ క్యాపిటల్ ఫ్రమ్ 1953 టు 1956: కర్నూల్.”

ప్రొద్దుటూరు అమ్మాయి వాక్యానికి జబ్బు ఇదే. ఆమె అపోజిటివ్ కామాలు సరైనవే, కానీ వాటి పక్కనే ‘అండ్’ వచ్చి కూర్చుంది. కామా, కామా, ‘అండ్’ అన్న వరుస జాబితాకూ ఉంటుంది, అపోజిటివ్‌కూ ఉంటుంది. చదివేవాళ్ళు ఏదనుకుంటే అది. నేను బోర్డు మీద మూడు దారులు రాశాను. గీతలు పెట్టొచ్చు: “మై మదర్ — ఎ టైలర్ — అండ్ ఐ రన్ ఎ స్మాల్ షాప్.” ‘హు ఈజ్’ చేర్చి అపోజిటివ్‌ను విప్పేయొచ్చు: “మై మదర్, హు ఈజ్ ఎ టైలర్, అండ్ ఐ రన్ ఎ స్మాల్ షాప్.” లేదా అమ్మను వాక్యం చివరికి జరిపి, ‘అండ్’ను దూరం చేయొచ్చు.

ఆ అమ్మాయి మొదటి రెండూ చూసి తల అడ్డంగా ఊపింది. మూడోదాన్ని తన కాగితం మీద రాసుకుని చూపించింది: “ఐ రన్ ఎ స్మాల్ షాప్ విత్ మై మదర్, ఎ టైలర్ ఆఫ్ ట్వెంటీ ఇయర్స్.” ఇరవై ఏళ్ళన్నది బోర్డు మీద లేదు, తనే చేర్చుకుంది. ఒక్క కామా, చివర ఫుల్‌స్టాప్, అంగట్లో ఇద్దరే.